ట్రక్కు లాగుతుంది సరే, మోస్తుందా? ఫిఫ్త్ వీల్ కొనేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

డాలస్ శివార్లలో ట్రక్కుకి ట్రెయిలర్ తగిలించే హిచ్‌లు బిగించే షాపులో పనిచేయబట్టి 12 ఏళ్ళయింది. ఈ మధ్య ఫిఫ్త్ వీల్ (పికప్ తొట్టిలో తగిలించి లాగే, ఇల్లులాంటి ట్రెయిలర్) కొనాలనుకునే మనవాళ్ళ ఫోన్లు ఎక్కువయ్యాయి. ఊళ్ళు వేరు, ట్రక్కులు వేరు, ప్రశ్న మాత్రం అచ్చంగా ఒకటే. "అన్నా, మా ట్రక్కు 20,000 పౌండ్లు లాగుతుందట. మేం చూసిన ఫిఫ్త్ వీల్ 14,000. ఇంకా 6,000 మిగులుతోంది కదా, టెన్షన్ లేదుగా?"

డ్రైవర్ తలుపు తీసి, ఆ పక్క పిల్లర్ మీదున్న పసుపు పట్టీ స్టిక్కర్ ఫొటో పంపమంటాను. చాలామంది ట్రక్కు ఫొటో పంపుతారు! బండి బాగుందండీ, నాకు కావాల్సింది స్టిక్కర్.

అపోహ: టోయింగ్ కెపాసిటీలో ఉంటే చాలు

జనం జేబుకి చిల్లు పెట్టేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

బంపర్‌కి తగిలించే ట్రెయిలర్ అయితే దాని బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు మీద పడుతుంది. ఫిఫ్త్ వీల్ అలా కాదు. వెనక తొట్టిలో, ఇరుసు నెత్తిన కూర్చుంటుంది. 15 నుంచి 25 శాతం దాకా ట్రక్కు మోయాల్సిందే. నేను ఎప్పుడూ 20 వేసుకుంటాను. 14,000 పౌండ్ల ట్రెయిలర్ అంటే పిన్ వెయిట్ (ట్రెయిలర్ ముందున్న పిన్ ద్వారా ట్రక్కు మీద పడే బరువు) 2,800. ఇది లాగే బరువు కాదు, మోసే బరువు. ఇంజిన్ ఎంత గట్టిదైనా ఈ లెక్కలో దానికి పనే లేదు.

పోయిన వేసవిలో ఫ్రిస్కో నుంచి ఒక జంట వచ్చారు. త్రీ-క్వార్టర్ టన్ (పికప్‌లలో మధ్య రకం, దీని కింద హాఫ్-టన్, పైన వన్-టన్) డీజిల్, క్రూ క్యాబ్, ఫోర్ బై ఫోర్, సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు. "దీనితో ఇల్లు కూడా లాగొచ్చు" అని అమ్మినాయన చెప్పాడట. వాళ్ళు వచ్చింది బరువు గురించి కాదు. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్ళంతా లైట్లు కొట్టి తిడుతున్నారట, హెడ్‌లైట్లు కొంచెం కిందికి దించమని నన్ను అడగడానికి వచ్చారు. వెనక కుంగితే ముందు లైట్లు ఆకాశం చూడక ఏం చేస్తాయి?

స్టిక్కర్ మీద చూస్తే పేలోడ్, అంటే మనుషులతో సహా ట్రక్కు మోయగలిగే బరువు, 2,140. అక్కడే కాగితం తీసి రాశాను. పిన్ 2,800. హిచ్ 200. నలుగురు మనుషులు 580. వెనక సీటు దగ్గర సామాను 120. మొత్తం 3,700. అంటే 1,560 పౌండ్లు ఎక్కువ. ఆయన ఫోన్లో బ్రోషర్ తీసి, "ఇందులో పిన్ వెయిట్ 2,100 అనే ఉందండీ, సరిపోతుంది కదా" అన్నారు. అది ఖాళీ బండి లెక్క. అందులో బ్యాటరీలు, గ్యాస్, నీళ్ళు, బట్టలు, గిన్నెలు ఉండవు. పైగా ఫిఫ్త్ వీల్‌లో సామాను అర సరిగ్గా పిన్ దగ్గరే ఉంటుంది, దాని పైన పడకగది. మనం సర్దేదంతా అక్కడే సర్దుతాం. ఆవిడ నెమ్మదిగా, "గ్రైండర్, రెండు సోనా మసూరి బస్తాలు అందులోనే పెట్టామండీ" అన్నారు.

తర్వాత ఆవిడ అడిగింది నాకు ఇంకా గుర్తుంది. "ఇలాగే పిల్లలతో రెండు ట్రిప్పులు వెళ్ళొచ్చామండీ. ఏమైనా అయ్యుండేదా?" భయపెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఒకటి రెండు ట్రిప్పులకి ట్రక్కు రెండు ముక్కలు కాదు. కానీ వెనక టైర్లు, బేరింగులు, బ్రేకులు తమకి రాసిపెట్టిన బరువు దాటి పనిచేస్తున్నాయి. ఎండలో టెక్సస్ హైవే మీద టైరు ముందు వేడెక్కుతుంది, ఆ తర్వాతే కదా పేలేది. కాబట్టి జరిగిపోయినదానికి దిగులొద్దు, ఇకమీదట మాత్రం ఇలా వద్దు అని చెప్పాను.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఒకే ట్రక్కులో ఖరీదైన మోడల్‌కి పేలోడ్ తక్కువ. సన్‌రూఫ్, కరెంటు మెట్లు, తోలు సీట్లు, డీజిల్ ఇంజిన్, అన్నిటి బరువూ పేలోడ్‌లోంచే పోతుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ మోసే బండి కొంటున్నాం. జీవీడబ్ల్యూఆర్ (ట్రక్కు, దాని మీద బరువు కలిపి కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితి) 10,000 దగ్గర ఆగిపోయే త్రీ-క్వార్టర్ టన్‌లో డీజిల్ పెడితే ఈ దెబ్బ బాగా తెలుస్తుంది. అదే పెట్రోల్ ఇంజిన్‌తో తీసుకుంటే కొన్ని వందల పౌండ్లు వెనక్కి వస్తాయి. 10,000 దాటిన వన్-టన్‌లకి ఆ పసుపు స్టిక్కర్ తప్పనిసరి కాదు. అది లేకపోతే ట్రక్కుని కాటా వేసి, వచ్చిన బరువుని జీవీడబ్ల్యూఆర్‌లోంచి తీసేయండి.

కాటా అంటే ఎక్కడో వెతకక్కర్లేదు. పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ వేటికవి విడివిడిగా చూపిస్తుంది. ట్రెయిలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి తూయండి. రెండిటికీ మధ్య ట్రక్కు బరువులో వచ్చిన తేడాయే మీ పిన్ వెయిట్. రెండో తూకానికి ధర తక్కువ. 80,000 డాలర్ల ట్రక్కు కొన్నవాళ్ళు ఆ కాస్త ఖర్చుకి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు.

అపోహ: వెనక స్ప్రింగులకి ఎయిర్‌బ్యాగులు (గాలి సంచులు) వేయిస్తే సరిపోతుంది

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి కమాన్లు కట్టేవారు. ఓనర్లు వచ్చి "ఇంకో పట్టీ వేయండి మేస్త్రీ, నాలుగు టన్నులు ఎక్కువ వేసుకుంటాం" అనేవాళ్ళు. పట్టీ వేస్తే లారీ కుంగదు, చూడ్డానికి నిటారుగా ఉంటుంది. ఇరుసు అదే, డ్రమ్ములు అవే, టైర్లు అవే. ఎయిర్‌బ్యాగులూ అంతే. కుంగుడు కనపడకుండా చేస్తాయి, తలుపు దగ్గర రాసిన అంకెని మార్చవు. నేను నెలకి ఎన్నో బిగిస్తాను, మంచి వస్తువే. పేలోడ్ లోపల ఉన్నవాళ్ళకి.

అపోహ: కంపెనీలు చెప్పే టోయింగ్ అంకెలన్నీ అబద్ధాలు

ఇది రెండో చివర. వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. ఆ అంకెలకి ఎస్ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం) పెట్టిన జే2807 అనే పరీక్షా పద్ధతి ఉంది. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ నుంచి ఎక్కే 11.4 మైళ్ళ చడావు, మండుటెండ, ఏసీ ఆన్. వెనక పక్కకొక చక్రం ఉండే ట్రక్కు గంటకి 40 మైళ్ళ వేగం కంటే కిందికి జారకూడదు, వెనక పక్కకి రెండేసి చక్రాలుండే డ్యూయలీకి 35. అబద్ధం కాదు. కాకపోతే అందులో ట్రక్కులో కూర్చునేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే. మీ ఇంట్లో నలుగురు, ఒక కుక్క, గ్రైండర్.

"అందులో 80 శాతమే వాడాలి" అన్న రూలు కూడా ఎవరో పుట్టించిందే. మీ కాటా చీటీ చేతిలో ఉంటే ఆ రూలుతో పనిలేదు.

మిగతావి, త్వరగా

"హాఫ్-టన్ టోవబుల్" అని ట్రెయిలర్ మీద బోర్డు ఉంటే నమ్మేయొద్దు. నేను నమ్మాను. 2015లో కొలరాడో వెళ్తూ సరిహద్దు దగ్గరి కొండదారి రాటన్ పాస్ ఎక్కేశాను, అందరూ భయపడేది అదే కదా. దిగేటప్పుడు తెలిసింది. బ్రేకుల వాసన, అరికాలిలో మెత్తబడుతున్న పెడల్, పక్కన మాట్లాడకుండా కూర్చున్న మా ఆవిడ. డీజిల్ కొనడానికి నేను ఒప్పుకునే కారణాల్లో మొదటిది ఎగ్జాస్ట్ బ్రేక్ (దిగుడులో ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది), టార్క్ ఆ తర్వాత.

షార్ట్ బెడ్‌తో, అంటే తొట్టి పొట్టిగా ఉండే ట్రక్కుతో, ఫిఫ్త్ వీల్ లాగలేం అనేది తప్పు. ట్రెయిలర్ క్యాబ్‌కి తగలకుండా వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ వేయించుకుంటే లాగొచ్చు, ఇరుకు మలుపుకి ముందు దాన్ని వెనక్కి జరపడం మర్చిపోకపోతే. మర్చిపోయినవాళ్ళ క్యాబ్ వెనక అద్దాలు మా షాపులో మూడు చూశాను.

డ్యూయలీని సిటీలో నడపలేం అంటారు. పార్కింగ్‌లో కష్టమే, ఒప్పుకుంటాను. 14,000 పౌండ్ల ట్రెయిలర్‌కి మాత్రం నేను ఇంకేదీ చెప్పను.

ఫ్రిస్కో జంట కూడా చివరికి డ్యూయలీయే తీసుకున్నారు. ఏడాది కూడా నిండని ట్రక్కు మార్చుకోవడంలో 13,000 డాలర్లు పోయాయి. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పాత ట్రక్కు 10,000, ట్రెయిలర్ 14,000 కలిపి 24,000, మామూలు క్లాస్ సి లైసెన్స్ చాలేది. డ్యూయలీ జీవీడబ్ల్యూఆర్ 14,000. కలిపితే 28,000. టెక్సస్‌లో రెండూ కలిపి 26,000 దాటి, ట్రెయిలర్ 10,000 దాటితే సొంత వాడకానికైనా క్లాస్ ఎ ఉండాలి, కమర్షియల్ కాకపోయినా సరే. అమ్మినాయన ఇదీ చెప్పలేదు. టెస్టుకి బండి మనమే తీసుకెళ్ళాలి. రివర్స్ చేయడంలో ఆయన మొదటిసారి తప్పారు. ఆవిడ పాసయ్యారు, ఇప్పుడు ట్రిప్పులకి ఆవిడే నడుపుతున్నారు.