పండుగప్పల్లో అమ్మ ఎవరు, నాన్న ఎవరు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగింది: "తాతయ్యా, కోడిపుంజుకైతే పెద్ద తురాయి ఉంటుంది. మార్కెట్లో పండుగప్ప చేపలన్నీ ఒకేలా ఉన్నాయి. మగదేదో ఆడదేదో ఎలా తెలుస్తుంది?" ఫోనులో చెబితే సగం మర్చిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

పండుగప్పకి తురాయి లేదు, రంగులో తేడా లేదు. తూకం చూడాలి. రెండు కిలోల చేప అయితే దాదాపుగా మగదే. ఆరు కిలోలు దాటిందా, చాలావరకు ఆడదే. ఆ చిన్నదే పెరిగి ఈ పెద్దది అవుతుందమ్మా! ముందు మగదిగా ఎదిగి, నాన్న అయ్యి, కొన్నేళ్లకు ఒళ్లు బాగా పెరిగాక అమ్మగా మారుతుంది. అన్నీ మారవు, కొన్ని మగవిగానే ఉండిపోతాయి.

నానమ్మ వంటిల్లు గుర్తు తెచ్చుకోండి. గరిటెడు తాలింపు కుండెడు పప్పుకి సరిపోతుంది. అన్నం అలా కాదు, పదిమందికైతే పెద్ద గిన్నె, పెళ్లికైతే గుండిగ. నాన్న చేప పని తాలింపు లాంటిది, చిన్న ఒంట్లోనూ ఇముడుతుంది. అమ్మ చేప అన్నం వండాలి. ఐదు కిలోల తల్లి కడుపులో లక్షలకొద్దీ గుడ్లుంటాయి, ఒక్కో గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే చిన్నప్పుడు తాలింపు గరిటె, పెద్దయ్యాక గుండిగ. మన వంటింట్లో గరిటె ఎన్నేళ్లున్నా గుండిగ కాదు. చేపలో అవుతుంది. అక్కడ నేనూ మీలాగే నోరు తెరిచి చూస్తాను.

నా చిన్నప్పుడు అంతర్వేది దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట, నాన్నతో రాత్రిపూట పడవలో వెళ్లేవాణ్ణి. లాంతరు పైకెత్తితే నీళ్లలో పండుగప్ప కళ్లు నిప్పుకణికల్లా మెరిసేవి. నాకు చేప జన, అంటే చేప కడుపులోని గుడ్ల వేపుడంటే ప్రాణం. చిన్న చేప తెచ్చిన రోజు కూడా జన కావాలని మారాం చేసేవాణ్ణి. "చిన్నదాంట్లో జన ఎక్కడిదిరా?" అనేది అమ్మ. కోస్తే తెల్లగా పాలలాంటిది కనిపించేది. చేప పాడైందనుకునేవాణ్ణి. అది మగచేప అని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

చెరువులో పిల్లల్ని వేసి పెంచేవాళ్లకు ఇదే చిక్కు. ఒక ఈడువన్నీ ఒకేసారి మగవవుతాయి, తల్లి కోసం ఏళ్లు ఆగాలి. చెన్నైలోని సిబా అనే కేంద్ర పరిశోధన సంస్థ 1997లో వీటిచేత హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే తొట్లలో, గుడ్లు పెట్టించింది. బయట అయితే అమావాస్య, పౌర్ణమి పోట్లకు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పునీటిలో పెడతాయి. ఆ రోజుల్లో పెద్ద చేపలన్నీ వలకెక్కితే అమ్మలే పోతారు. పెద్దది దొరికిందని సంబరపడే ముందు ఆ సంగతి తలుచుకోవాలి.

గుడ్లు పెట్టే కాలంలో ఇంకో గుర్తు: ఆడదానికి పొట్ట ఉబ్బుగా ఉంటుంది, మగది సన్నగా ఉండి మూతి కాస్త వంపు తిరుగుతుంది.

వచ్చే ఆదివారం నాన్నతో మార్కెట్‌కి వెళ్లండి. చేపలు కోసే ఆవిణ్ణి "అత్తా, కడుపులో ఏముందో చూపిస్తావా?" అని అడగండి. ఒక చిన్నదీ, ఒక పెద్దదీ చూడండి. చూసింది చూసినట్టు బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య