టాల్క్ కలిపితే ప్లాస్టిక్ చవకగా పడుతుందా?

"సార్, పీపీలో 20 శాతం టాల్క్ కొట్టి ఇచ్చేయండి, రేటు దిగుతుంది." జీడిమెట్లలో కాంపౌండింగ్ (ప్లాస్టిక్‌లో పొడులు కలిపి గుళికలు చేయడం) చేసే నాకు ఈ ఫోన్ రాని వారం ఉండదు. పీపీ అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, టాల్క్ అంటే ఒంటికి రాసుకునే పౌడర్‌లో ఉండే మెత్తటి రాతి పొడి.

కిలో రేటు దిగుతుంది, నిజమే. కానీ మీరు అమ్మేది కిలోలు కాదు, డబ్బాలు. పీపీ సాంద్రత 0.9, టాల్క్‌ది 2.7 పైనే. 20 శాతం కలిపితే మొత్తం 1.04కు చేరుతుంది. అదే మౌల్డ్‌లో 100 గ్రాములు తూగే డబ్బా ఇప్పుడు 115 తూగుతుంది. కిలో 100 రూపాయల పీపీ మానేసి 90కి కాంపౌండ్ కొన్నారనుకోండి. అప్పుడు డబ్బాకు 10 రూపాయలు, ఇప్పుడు 10 రూపాయల 35 పైసలు. మిగిలిందేంటి?

మరి కార్ల డ్యాష్‌బోర్డుల్లో టాల్క్ ఎందుకు వేస్తారంటే, బిగువు కోసం, అంటే సులువుగా వంగకుండా ఉండటానికి. టాల్క్ రేణువులు పలచటి రేకులు. 40 శాతం వేస్తే పీపీ బిగువు దాదాపు రెట్టింపవుతుంది, వేడికి త్వరగా వంగదు. బదులుగా దెబ్బకు ఓర్చుకునే గుణం తగ్గుతుంది. ఈ బిగువు చూసుకుని డబ్బా గోడ పలచన చేస్తే మెటీరియల్ ఆదా అవుతుంది కానీ, దానికి మౌల్డ్ మార్చాలి. ఆ మాటనగానే ఫోన్ పెట్టేస్తారు.

ఒక పార్టీ డబ్బా మామూలు పీపీతో, మూత టాల్క్‌తో తీశాడు. మూత వదులు. మెషిన్ టెంపరేచర్, సైకిల్ టైమ్ అన్నీ తిప్పి చూశాడు. అసలు సంగతేంటంటే, టాల్క్ పడితే ష్రింకేజ్ (చల్లారాక ప్లాస్టిక్ కుదించుకుపోవడం) ఒకటిన్నర శాతం నుంచి ఒకటికి వస్తుంది. 200 మిల్లీమీటర్ల మూత ఒక మిల్లీమీటరు పెద్దదిగా వచ్చింది, అంతే.

ఏ తెల్ల పొడైనా ఒకటేనా? కాదు. కాల్షియం కార్బొనేట్ (సుద్దరాయి పొడి) ఆ బిగువు ఇవ్వదు. లైటర్‌తో కాల్చి, బూడిద మిగిలిందని "కల్తీ" అంటూ గొడవకొచ్చేవాళ్లకు ఒక మాట: బూడిదను బట్టి పొడి ఉందని తెలుస్తుంది, ఏ పొడో తెలియదు. ఫర్నేస్‌లో 600 డిగ్రీల లోపు కాల్చి, మిగిలినదాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేయండి. బుసబుసమంటే కార్బొనేట్. టాల్క్ కదలదు.

టాల్క్ వల్ల మెషిన్‌లో ప్లాస్టిక్‌ను తోసే స్క్రూ అరిగిపోతుందా? మనం పలక మీద రాసిన బలపం ఈ జాతి రాయే, గోటికే గీత పడుతుంది. నాసిరకంలో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంటే మాత్రం అరుగుతుంది.

ఇక క్యాన్సర్ భయం. మా దగ్గర హాపర్ (మెషిన్‌లోకి మెటీరియల్ పోసే తొట్టి) చూసే కుర్రాడి అమ్మగారు వార్త చూసి, "బాబూ, మావాణ్ణి మానిపించేదా?" అని అడిగింది. ఆమె భయం ఉత్తది కాదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ టాల్క్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. ఆస్బెస్టాస్ కలిసిన టాల్క్ అయితే సందేహమే లేదు, అది ప్రమాదమే. ఆస్బెస్టాస్ కలిసిందా లేదా అన్నది గనిని బట్టి ఉంటుంది కాబట్టి టెస్ట్ రిపోర్టు లేని లోడ్ దింపుకోం. ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న టాల్క్ గాలిలోకి ఎగరదు, డబ్బాలో అన్నం పెట్టుకున్నవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు. ప్రమాదం బస్తా కోసే చోట లేచే దుమ్ముతోనే. అక్కడ డస్ట్ కలెక్టర్ ఆగితే లైన్ ఆపేస్తాం, మాస్క్ లేనివాణ్ణి నిలబడనివ్వను. అదే ఆమెకూ చెప్పాను.