ప్రాథమిక తరగతుల్లో ఆన్‌లైన్ సైన్స్ సాధనాలు: అపోహలు – వాస్తవాలు

మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు పరిసరాల విజ్ఞానం బోధిస్తున్న నాకు ఆన్‌లైన్ సాధనాల గురించి సహోపాధ్యాయుల నుంచీ తల్లిదండ్రుల నుంచీ తరచూ వినిపించే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు మూడింటిని మొదట్లో నేనూ నమ్మాను.

అపోహ: ప్రతి విద్యార్థికీ ట్యాబ్, బడికి వేగవంతమైన ఇంటర్నెట్ ఉంటేనే ఇవి సాధ్యం.

వాస్తవం: చిన్న తరగతులకు ఒక్క తెర చాలు. నా అనుభవంలో అదే మేలు కూడా, ఎందుకంటే తలకొక తెర ఉన్నప్పుడు పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు. భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు, అంటే తెర మీద వస్తువులను కదిపి చూడగల నమూనా ప్రయోగాలు, ఉచితం. వాటిలో మామూలు బ్రౌజరులోనే తెరుచుకునే హెచ్‌టీఎంఎల్5 రకం వాటిని ఒకసారి దించుకుని పెన్‌డ్రైవులో పెట్టుకుంటే ఇంటర్నెట్ లేని గదిలోనూ పనిచేస్తాయి. మధ్యలో ఆధారం మీద నిలిచిన పలకకు ఒకవైపు 2 మీటర్ల దూరంలో 10 కిలోల ఇటుక పెట్టి, రెండోవైపు 20 కిలోల ఇటుకను ఎక్కడ ఉంచితే పలక తూగుతుందో చెప్పమంటాను. ఒక మీటరు అన్నవారు కిటికీ వైపు, రెండు మీటర్లు అన్నవారు తలుపు వైపు నిలబడి, ఎందుకలా అనుకున్నారో వాదించుకున్న తరువాతే ఇటుకను కదుపుతాను.

అపోహ: వీడియో వేస్తే తరగతి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి పిల్లలు నేర్చుకుంటున్నట్లే.

వాస్తవం: నిశ్శబ్దం శ్రద్ధకు గుర్తు కావచ్చు, కాకపోవచ్చు. ఫలితం కనిపించబోయే క్షణానికి ముందు వీడియో ఆపి, ఏం జరుగుతుందో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయమంటే ఆ తేడా వెంటనే బయటపడుతుంది.

అపోహ: సిమ్యులేషన్ ఉన్నప్పుడు ప్రయోగంతో పనిలేదు.

వాస్తవం: ఎక్కువ నష్టం కలిగించే అపోహ ఇదే కాబట్టి దీని గురించి కొంచెం విపులంగా చెబుతాను. విద్యుత్ వలయం పాఠానికి ముందుగా తెర వేయను. జట్టుకు ఒక 1.5 వోల్టుల సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక తీగముక్క ఇచ్చి బల్బు వెలిగించమంటాను. చాలామంది తీగ ఒక కొసను సెల్లుకు, రెండో కొసను బల్బుకు ఆనించి, వెలగకపోతే సెల్లు అయిపోయిందని తీర్మానిస్తారు. ఇంట్లో ఏ పరికరానికైనా కనిపించేది ఒకే తీగ కదా, వాళ్ల ఊహ అక్కడి నుంచి వచ్చినదే. బల్బు అడుగును సెల్లు పైకొసకు ఆనించి, సెల్లు అడుగు నుంచి తీగను తెచ్చి బల్బు పక్కనున్న లోహపు భాగానికి తాకించినప్పుడు వెలుగుతుందని ఎవరో ఒకరు కనిపెట్టేసరికి పావుగంట దాటుతుంది, గదిలో గోల కూడా బాగానే ఉంటుంది. ఫెట్ వలయాన్ని అప్పుడు తెరిస్తే, తీగలో నీలిరంగు బంతుల్లా కదిలే ఎలక్ట్రానులు కంటికి కనిపించని సంగతిని చూపిస్తాయి. తీగ తప్పించిన మరుక్షణం అన్ని బంతులూ ఒక్కసారే ఆగిపోవడం చూసిన పిల్లలకు వలయం అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. నాణెం, రబ్బరు, పెన్సిల్‌తోపాటు కుక్క బొమ్మను కూడా తెర మీది వలయంలో కలిపి చూడవచ్చు; నవ్వులు తగ్గడానికి కాస్త సమయం పడుతుందని ముందే అనుకోవాలి.

అయితే సిమ్యులేషన్ దాచేవి కూడా ఉన్నాయి. అందులోని బ్యాటరీ ఎంతసేపు వాడినా అయిపోదు. ఒక విద్యార్థి, ‘సెల్లు అయిపోయిందంటే బంతులన్నీ అయిపోయినట్టా?’ అని అడిగినప్పుడే దీని ప్రాముఖ్యం నాకు తెలిసింది. ఎలక్ట్రానులు ఖర్చు కావని, ఖర్చయ్యేది వాటిని నడిపించే రసాయన చర్యకు సెల్లులో ఉన్న సరుకు అని చెప్పవలసినది ఉపాధ్యాయుడే. రెండోది భద్రత. తెర మీద బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా తీగతో కలిపితే మంటలు వస్తాయి, ఎవరికీ ఏమీ కాదు. గోడలోని సాకెట్లో ఉండేది 230 వోల్టులు. ఈ తేడాను పాఠం చివర ఒక మాటగా కాక, తెర తెరవకముందే చెప్పి పిల్లల చేత తిరిగి చెప్పించాలి.

అపోహ: ఆన్‌లైన్ చిత్రాలు నిపుణులు చేసినవి కాబట్టి నమ్మవచ్చు.

వాస్తవం: భూమిని, చంద్రుణ్ని పక్కపక్కన గీసిన బొమ్మ దాదాపు ఎప్పుడూ దూరాన్ని తప్పుగా చూపుతుంది, ఎందుకంటే అసలు కొలతలో గీస్తే తెరలో పట్టదు. చంద్రుడు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో, అంటే భూమి వ్యాసానికి 30 రెట్ల దూరంలో ఉన్నాడు. వాలీబాల్‌ను భూమి అనుకుంటే, పెద్ద నిమ్మకాయంత చంద్రుణ్ని ఆరు మీటర్లకు పైగా దూరంలో పట్టుకుని నిలబడాలి. బొమ్మలో ఇద్దరూ అంత దగ్గరగా కనిపించడం వల్లనే భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడన్న పొరపాటు బలపడుతుందని నా అనుమానం. ఆ పొరపాటును ఆకాశమే సరిదిద్దుతుంది. బహుళ అష్టమి నాటి ఉదయం ప్రార్థన వేళకు సగం చంద్రుడు పడమటి వైపు, సూర్యుడు తూర్పు వైపు ఆకాశంలో ఒకేసారి ఉంటారు. ఇద్దరూ మన తలపైనే ఉన్నప్పుడు మన నీడ చంద్రుని మీద ఎలా పడుతుంది? శుద్ధ విదియ నుంచి పౌర్ణమి వరకు పిల్లలు రోజూ చంద్రుని ఆకారాన్ని తిథితో సహా గీసుకుని రావాలి. తిథి చెప్పడానికి ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉండనే ఉంటారు. ఆకాశాన్ని తెర మీద చూపే ‘స్టెల్లేరియం’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మా ఊరిని ఎంచుకుని, కాలాన్ని వేగంగా నడిపి, ఆ బొమ్మలతో పోల్చేది ఆ తరువాతే. మబ్బు పట్టి ఖాళీగా మిగిలిన రోజులను పూరించడానికి కూడా అది ఉపయోగపడుతుంది.

అపోహ: క్విజ్‌లో మార్కులు పెరిగితే అవగాహన పెరిగినట్టే.

వాస్తవం: ‘కహూట్’ వంటి ఆటల్లో మామూలు పద్ధతిలో త్వరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి కాబట్టి, ఆలోచించి చెప్పే పిల్లలు వెనకబడతారు. నేను ‘ప్లికర్స్’ వాడతాను: పిల్లల చేతుల్లో ముద్రించిన కార్డులు మాత్రమే ఉంటాయి, కార్డును ఏ వైపు తిప్పి పట్టుకున్నారో నా ఫోను కెమెరా చదువుతుంది. మంచుముక్కలు వేసిన స్టీలు గ్లాసు బయట నీటిచుక్కలు ఎక్కడివని అడిగినప్పుడు, లోపలి నీరు ఊరి వచ్చిందనే వారికీ, గాలిలోనిదనే వారికీ మధ్య తరగతి రెండుగా చీలింది. సరైన జవాబు చూపకుండా గ్లాసులోని నీటిలో పసుపు కలిపాము. బయట చేరిన చుక్కలకు రంగు లేదు.

అపోహ: ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

వాస్తవం: ఫెట్‌లో కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో దొరుకుతాయి. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘దీక్ష’లోని పాఠాలను పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తోనే తెరవవచ్చు. జాగ్రత్త పడవలసినది యంత్రం చేసే అనువాదం విషయంలో. విద్యుత్ పాఠం వీడియో కింద టార్చి సెల్లును ‘కణం’ అని రాసిన ఉపశీర్షికలు నేను చూశాను. జీవకణం పాఠం విన్న పిల్లలు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఊహించవచ్చు.

అపోహ: చదువుకు సంబంధించిన యాప్ కాబట్టి పిల్లల పేరుతో ఖాతా తెరిచినా ఫర్వాలేదు.

వాస్తవం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడుకోవడానికి ధ్రువీకరించదగిన తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పైన చెప్పిన సిమ్యులేషన్లకు, స్టెల్లేరియానికి పిల్లల ఖాతాలే అవసరం లేదు. ప్లికర్స్‌లో నా ఒక్క ఖాతా ఉంటుంది. అందులో పేర్లకు బదులు కార్డు సంఖ్యలే నమోదు చేస్తాను. ఏడో కార్డు ఎవరిదో తరగతి గోడ మీది పట్టికలో రాసి ఉంటుంది.