వెంటిలేటర్ తొలగింపు: ఐసీయూ బయట వినిపించే అపోహలు, వాస్తవాలు

మెదడు తీవ్రంగా దెబ్బతిన్న రోగి విషయంలో కుటుంబ సభ్యులు తీసుకోవలసిన నిర్ణయం కంటే, ఆ నిర్ణయం చుట్టూ అల్లుకున్న అపోహలే వారిని ఎక్కువగా కుంగదీస్తాయని ఐసీయూ వైద్యుడిగా నా అభిప్రాయం. తరచుగా వినే కొన్నింటిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: బ్రెయిన్ డెడ్ అన్నా, కోమా అన్నా ఒకటే.

వాస్తవం: కోమాలో ఉన్న మనిషి బతికి ఉన్నట్టే లెక్క. శ్వాసను, మెలకువను నడిపే మెదడు కాండం (మెదడు అడుగు భాగం) ఇక ఎప్పటికీ పనిచేయదని నిర్ధారణ అయితేనే బ్రెయిన్ డెత్ అంటాం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించాలి. వీటిలో కీలకమైన అప్నియా పరీక్షలో వెంటిలేటర్ నుంచి విడదీసి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసానికి చేరేదాకా ఛాతీ, పొట్ట ఏమాత్రమైనా కదులుతాయేమోనని దగ్గర నిలబడి చూస్తాం. సొంతంగా ఒక్క శ్వాస తీసుకున్నా బ్రెయిన్ డెత్ అని ప్రకటించం. అవయవదానానికి కుటుంబం ఒప్పుకోకపోతే వెంటిలేటర్ సంగతేమిటన్న సందేహం చాలాకాలం వైద్యులను వేధించింది. కేరళ ప్రభుత్వం 2020లో దీనిపై స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది.

అపోహ: కళ్ళు తెరిచారు, ఆవులించారు కాబట్టి తెలివి వస్తోంది.

వాస్తవం: మెదడు కాండం పనిచేస్తూ, పై మెదడు దెబ్బతిన్నప్పుడు రోగి కళ్ళు తెరవవచ్చు, నిద్రపోయి లేవవచ్చు, నోరు కదపవచ్చు. మేము చూసేది వేరు: ముఖం ముందు అద్దం పట్టుకుని నెమ్మదిగా జరిపితే చూపు దాని వెంట వెళ్తుందా, చెప్పిన పనిని ఒకటికి రెండుసార్లు చేయగలుగుతున్నారా అన్నది. అయినా రోజంతా మంచం పక్కన ఉండేవారు మాకు కనబడనిది గమనించే అవకాశం ఉంది గనుక, అలాంటిదేదైనా కనిపిస్తే ఫోనులో వీడియో తీసి చూపించమని నేనే అడుగుతాను. తలకు దెబ్బ తగిలినవారు నెలల తర్వాత కూడా కోలుకోవచ్చు. గుండె ఆగి మెదడుకు ఆక్సిజన్ అందక దెబ్బతిన్నవారిలో ఆ అవకాశం తక్కువ. ఏదేమైనా గుండె ఆగిన తర్వాత కనీసం 72 గంటలు గడవకుండా, మత్తుమందుల ప్రభావం పూర్తిగా దిగకుండా, ఇక ఆశ లేదని చెప్పే వైద్యుడి మాట నమ్మవద్దు.

అపోహ: వెంటిలేటర్ తీయించడమంటే చంపించడమే, చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో ఏళ్ళ తరబడి అచేతనంగా ఉన్న ఆమెకు ఆహారం ఆపి మరణించనివ్వాలన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2011లో తోసిపుచ్చుతూనే, హైకోర్టు అనుమతితో చికిత్స ఉపసంహరించవచ్చని చెప్పింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కును, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగంగా గుర్తించింది. 2023లో ప్రక్రియను సరళం చేసింది. ఇప్పుడు చికిత్స చేసే వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులతో ఒక బోర్డు, జిల్లా ప్రధాన వైద్యాధికారి నామినేట్ చేసిన వైద్యుడు కూడా ఉండే రెండో బోర్డు అంగీకరించాలి. వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. కుటుంబ సమ్మతి తీసుకుని, మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నేరమే.

అపోహ: ఇంటికి తీసుకెళ్తే సహజంగా పోతారు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను బాధించేది ఇదే. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం చేయించుకుని, అంబులెన్సులో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస అందించే సంచి) నొక్కుతూ ఇంటిదాకా తీసుకెళ్ళి, అక్కడ నోట్లో గొట్టం తీసేస్తారు. ఆయాసానికి మార్ఫిన్ ఉండదు, గొంతులో గురగురకు మందు ఉండదు, పక్కన నర్సు ఉండదు. డబ్బు అయిపోయి వెళ్ళేవారూ, సొంత ఇంట్లోనే పోవాలన్న పెద్దల కోరిక తీర్చేవారూ ఉంటారు, వారిని తప్పుపట్టను. కానీ బోర్డు, కాగితాలు అంటే భయపడే ఆసుపత్రులు తమ బాధ్యతను ఆ సంతకం చాటున దాచుకోవడం నాకు సమ్మతం కాదు. ఆసుపత్రిలో ఆ మందులు ముందే ఇచ్చి, అయినవాళ్ళను పక్కన కూర్చోబెట్టి, ఆ తర్వాతే వెంటిలేటర్ తీస్తాం.

అపోహ: తీయగానే ప్రాణం పోతుంది.

వాస్తవం: నిమిషాలు పట్టవచ్చు, రోజులు పట్టవచ్చు. అమెరికాలో కరెన్ క్విన్లన్ అనే యువతికి 1976లో కోర్టు తీర్పు తర్వాత వెంటిలేటర్ తొలగిస్తే, ఆమె సొంతంగా శ్వాస తీసుకుంటూ 1985 వరకు జీవించింది.

అపోహ: అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి వచ్చి నిర్ణయించాలి.

వాస్తవం: కడచూపు కోసం ఆగడం సబబే. కానీ కొడుకు ఏమనుకుంటున్నాడన్నది రెండో విషయం. మాట్లాడగలిగితే ఆ మనిషి ఏమనేవారన్నది మొదటిది. దానికి జవాబు చాలాసార్లు విమానం దిగినవారి దగ్గర కాక, రోజూ కలిసి బతికిన భార్య దగ్గర దొరుకుతుంది. ఆ ఊహాగానం అవసరం లేకుండా, 18 ఏళ్ళు దాటినవారెవరైనా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసి, తమ తరఫున మాట్లాడేవారి పేర్లతో, ఇలాంటి స్థితిలో ఏ చికిత్స వద్దో చెప్పే ముందస్తు వీలునామా (లివింగ్ విల్) రాసుకోవచ్చు. దాని ప్రతిని వారికీ, కుటుంబ వైద్యుడికీ ఇచ్చి ఉంచాలి.