గిన్నెలే వస్తున్నాయని దిగులుపడే పిల్లలకు

పిల్లలూ,

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. "కుమ్మరి సారె ముందు కూర్చుంటే ఏం చేయాలో తోచట్లేదు తాతయ్యా, ఏది మొదలుపెట్టినా గిన్నే అయిపోతోంది" అని ఆరుగురూ కలిసి రాశారు. 40 ఏళ్లుగా మట్టి పిసుకుతున్నా నాకూ ఏడాదికి రెండు మూడుసార్లు ఇదే గతి. అలాంటప్పుడు నేనేం చేస్తానో చెప్పనా? మళ్లీ గిన్నే చేస్తాను.

వేళాకోళం కాదర్రా. కొత్తది కావాలని కళ్లు మూసుకుని కూర్చుంటే నాకెప్పుడూ ఏదీ తట్టలేదు. తట్టినా, అది అంతకుముందు ఫోన్లో చూసిన బొమ్మే అయ్యుండేది. కిందటిసారి చేసిన గిన్నెను బల్ల మీద పెట్టుకుని, అందులో ఒక్కటంటే ఒక్కటి మారిస్తే మాత్రం దారి దొరికేది. అంచును కాస్త లోపలికి వంచండి, అంతే. తక్కినదంతా అలాగే ఉండనివ్వండి. దాని పక్కన ఇంకొకటి, అంచు మరికాస్త లోపలికి. నాలుగోది వచ్చేసరికి మూతి ముడుచుకున్న కూజా అవుతుంది. ఐదోదాని మూతి పూర్తిగా మూసుకుపోయిందనుకోండి, లోపల గాలి చిక్కుకుని బంతిలా నిలబడుతుంది. ఒక రోజు ఆగి, కాస్త గట్టిపడ్డాక సన్నని కత్తితో అడ్డంగా కోయండి. పైముక్క మూత, కిందిది డబ్బా! డబ్బా చేద్దామని మీరు అనుకోనేలేదు.

మూతనూ డబ్బానూ ఒకదాని మీద ఒకటి పెట్టే ఆరనివ్వండి. మట్టి ఆరి, కాలేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. విడివిడిగా ఆరబెడితే ఒకటి ఒకలా ఆరి, మూత పట్టదు. బంతిని కోయకుండా ఉంచేస్తే చిన్న బెజ్జమైనా పెట్టండి, గాలికి దారి ఉండాలి.

"మాకు నచ్చింది చేసుకోమంటున్నారు, అదే టెన్షన్" అని మీలో చిన్నది రాసింది చూశారూ, ఆ మాట నాకు బాగా నచ్చింది. ఏదైనా చేయొచ్చు అన్నప్పుడే ఏదీ తోచదు. లూసీ రీ అని గొప్ప కుండల కళాకారిణి ఉండేవారు. 1902లో వియన్నాలో పుట్టారు. నాజీల బాధ పడలేక 1938లో లండన్ చేరారు. యుద్ధం రోజుల్లో బతకడానికి బట్టలకు మట్టి గుండీలు చేశారు. గుండీ అంటే ఎంత? అంత చిన్నదాని మీద గ్లేజ్ రంగు, అంటే కాలిస్తే గాజులా గట్టిపడే పూత రంగు, ఆ గుడ్డ రంగుకు సరిపోవాలి. రంగు మీద రంగు కలిపి పరీక్షించక తప్పలేదు. ఆ చెయ్యే తర్వాత పల్చటి గిన్నెలకు రంగులేసింది. కాబట్టి మీరే ఒక హద్దు గీసుకోండి. 100 గ్రాముల ముద్ద, సారె లేకుండా, అరగంటలో. అలా పది చేయండి. తొమ్మిది మళ్లీ ముద్దలో కలిపేసినా నష్టం లేదు, కాల్చనంత వరకు మట్టి మట్టే కదా.

గిన్నె ఆకారం మార్చబుద్ధి కాకపోతే పైపొరను మార్చండి. జపాన్‌లో 10,000 ఏళ్లకు పైబడిన కుండలున్నాయి, వాటి మీద తాడు అద్దిన గుర్తులు. వాటిని చేసిన కాలానికి జోమోన్ అని పేరు, ఆ మాటకు అర్థమే తాడు ముద్ర. తాడు సరే, స్టూడియోలో ఇంకేం ఉన్నాయి? దువ్వెన, స్పాంజి, చెప్పు అడుగు. ఆకు అద్దేటప్పుడు వెనకవైపు అద్దండి, ఈనెలు అటే పైకి ఉంటాయి. తీయడం మరిచిపోయినా పరవాలేదు, కాల్చేటప్పుడు బూడిదైపోతుంది. ఆకు బొమ్మ గీయడం కన్నా ఆకునే అద్దడం నాకిష్టం. ఇది నా చాదస్తం అనుకోండి.

మా స్టూడియోలో చెత్తబుట్ట పక్కన ఒక తట్ట ఉంటుంది. విరిగినవన్నీ ముందు అందులోకి. పెంకులో ఉన్నంత చదువు నిండు కుండలో ఉండదు, గోడ ఎక్కడ మందమో ఎక్కడ పలచనో అక్కడే కనిపిస్తుంది. అమెరికాలో న్యూ మెక్సికోకు చెందిన మరియా మార్టినెజ్ తవ్వకాల్లో దొరికిన పాత పెంకులను చూసే అలాంటి నల్ల కుండలు చేయడానికి పూనుకున్నారు. ఎర్రగా కాలాల్సిన మట్టి నల్లగా ఎలా అవుతుందంటే, మంట మీద ఎండు పేడపొడి కప్పి గాలి అందకుండా చేయడం వల్ల. భర్త జూలియన్‌తో కలిసి ఆ నలుపులోనే మెరిసే నలుపు, మెరవని నలుపు అని రెండు పలికించారు. కాబట్టి పాతది చూసి చేయడానికి సిగ్గుపడకండి.

ఒకసారి నేను గ్లేజ్ మరీ మందంగా పూశాను. అది కాలేటప్పుడు జారి బట్టీలో కింద ఉన్న పలకకు అతుక్కుపోయింది, సుత్తితో కొట్టాల్సి వచ్చింది. కానీ రెండు గ్లేజ్‌లు ఒకదాని మీద ఒకటి పడినచోట వేలెడు మేర మంచి నీలం వచ్చింది. ఆ నీలం వెనక ఆరు నెలలు తిరిగాను. ఎందుకు అన్నాళ్లంటే, ఆ రోజు మట్టీ, గ్లేజూ, కాల్చే పద్ధతీ మూడూ మార్చేశాను. నీలం ఎవరి చలవో ఎలా తెలుస్తుంది? రాగి ఉన్న గ్లేజ్‌నే చూడండి, గాలి బాగా ఆడితే ఆకుపచ్చ, గాలి తగ్గించి కాలిస్తే ఎరుపు. రాసి పెట్టుకోకపోతే అంతే సంగతులు. అన్నట్టు, గ్లేజ్ పొడి కలిపేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఎండిన మట్టి దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

మీ ఆరు గిన్నెల్లో ఒకటి చెయ్యి తగిలి ఒకపక్క సొట్ట పడిందని రాశారు. ఇంకా కాల్చలేదు కదా? మట్టి మెత్తగానే ఉంటే రెండోపక్క కూడా అలాగే నొక్కి, ఏమవుతుందో చూడండి. ఎండిపోయుంటే మాత్రం ముట్టుకోకండి, పగులుతుంది. అప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని, అదే సొట్టతో మరొకటి కావాలనే చేయండి. ఈసారి ఫొటో పంపొద్దు, గీసి పంపండి. గీసేటప్పుడే అంచు ఎక్కడ మలుపు తిరిగిందో మీ చెయ్యి గమనిస్తుంది.

మీ
తాతయ్య