బీచ్ రోడ్డు టీయూ నుంచి అరక్కోణం డ్రోన్ దాకా

విశాఖ బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి చూసి రోడ్డు దాటితే, సముద్రం మీద నిఘాకు నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంటుంది. కింద నిలబడి తలెత్తి ఇంజిన్లు చూడండి. ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి అటు తిరిగితే ఇంకొకటి ఇటు. అలాంటి ఇంజిన్లు నాలుగు. 1988లో నౌకాదళంలో చేరిన ఈ రకం విమానాలు 2017 మార్చిలో తమిళనాడులోని అరక్కోణంలో, ఐఎన్ఎస్ రాజాలి అనే నౌకాదళ విమాన స్థావరంలో రిటైరయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ మ్యూజియం తెరిచారు.

ఇప్పుడు ఆ నిఘా పని డ్రోన్లే చేస్తున్నాయని అనేస్తుంటారు. అది సగమే నిజం. నీటి కింద జలాంతర్గామి చప్పుడు వినే పరికరాలను సముద్రంలో జారవిడిచి వెతకడం టీయూ అసలు పని. 2013 నుంచి వచ్చిన పీ-8ఐ విమానాలు దాన్ని అందుకున్నాయి. గంటల తరబడి తిరుగుతూ ఏ ఓడ ఎటు పోతోందో చూసే విసుగు పని మాత్రం డ్రోన్లకు బాగా అబ్బింది.

నౌకాదళానికి డ్రోన్లు కొత్తేం కాదు. ఇజ్రాయెల్ హెరాన్, సెర్చర్‌లతో 2006లోనే కొచ్చిలో స్క్వాడ్రన్ పెట్టింది. 2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగాక, ఆ నవంబరులో అత్యవసర అధికారాలతో రెండు అమెరికా సీ గార్డియన్ డ్రోన్లను లీజుకు తెచ్చి అరక్కోణంలో ఉంచారు. రెక్కల కొస నుంచి కొసకు 24 మీటర్లు, ప్రొపెల్లర్ మాత్రం వెనక ఒక్కటే. 40 వేల అడుగుల దాకా ఎగురుతుంది, 30 గంటలకు పైగా గాల్లో ఉండగలదు. పైలట్ నేల మీద కూర్చుని ఉపగ్రహం ద్వారా నడుపుతాడు. షిఫ్టు అయిపోతే సీట్లో మనిషి మారతాడు, విమానం దిగక్కర్లేదు.

పొట్ట కింది రాడార్ చుట్టూ ఉన్న ఓడలన్నిటినీ పడుతుంది. ఓడలు తమ పేరు, దిశ చెబుతూ పంపే సిగ్నళ్లను ఇంకో రిసీవర్ వింటుంది. రాడార్‌లో కనబడుతూ సిగ్నల్ ఇవ్వని ఓడ ఉంటే అక్కడే అనుమానం. పగలైనా రాత్రయినా కెమెరా అటు తిప్పుతారు.

2024 సెప్టెంబరు 18న ఆ రెండు సీ గార్డియన్లలో ఒకటి సాంకేతిక లోపంతో చెన్నై దగ్గర బంగాళాఖాతంలో దిగిపోయింది. అయినా నెల తిరక్కుండానే, అక్టోబరు 15న, ఇదే కుటుంబానికి చెందిన 31 డ్రోన్లకు ఒప్పందం కుదిరింది. అందులో నౌకాదళం వాటా 15. ఆ ఏడాది జనవరిలోనే హైదరాబాద్‌లో నౌకాదళం కోసం దృష్టి-10 డ్రోన్ బయటికొచ్చింది. ఇజ్రాయెల్ హెర్మిస్ 900 ఆధారంగా చేసిందే, 36 గంటలు ఎగురుతుంది. మన పక్కన తయారైనా అది వెళ్లింది గుజరాత్‌లోని పోర్‌బందర్‌కి.