వీడియో కూర్పు: మొదటి సెమిస్టరులో నేను వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

పాత తెలుగు సినిమాల టైటిళ్లలో ఎడిటరు పేరుకు ముందు ‘కూర్పు’ అనే మాట కనిపించేది. మల్లెలు, కనకాంబరాలు, మరువం ఏ వరుసలో పెడితే దండ నిండుగా కనిపిస్తుందో తెలిసిన చేతి పనికి వాడే మాట అది. కత్తెరతో దానికి సంబంధం తక్కువ. విజయవాడలో 17 ఏళ్లుగా పెళ్లి వీడియోలు, సంస్థల పరిచయ చిత్రాలు, అడపాదడపా డాక్యుమెంటరీలు కూర్చుకుంటూ వచ్చిన నేను, కొంతకాలంగా ఒక డిగ్రీ కళాశాలలోని ప్రాథమిక కళల కోర్సులో వీడియో పాఠం కూడా చెబుతున్నాను. బొమ్మ గీయడం, మట్టితో రూపం చేయడం, ఫొటో తీయడం పూర్తయ్యాక మిగిలిన ఆరు వారాలు వీడియోకు దక్కుతాయి. ఆ ఆరు వారాల్లో చాలా భాగం కొత్త విషయాలు నేర్పడానికి కాక, విద్యార్థులు వెంట తెచ్చుకున్న నమ్మకాలను వదిలించడానికే ఖర్చవుతోంది.

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటేనే మంచి వీడియో వస్తుంది.

మొదటి వారంలోనే ఒకరిద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేసి, అబ్బాయికి ఏ కెమెరా కొనాలో చెప్పమని అడుగుతారు. ఏదీ కొనవద్దని చెబితే, నేను పాఠం సరిగా చెప్పనేమోనన్న అనుమానం వారి గొంతులో వినబడుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రాన్ని ఫ్రేము అంటారు) 1920 అడ్డం, 1080 నిలువు, అంటే సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 4కె ఫ్రేములో దానికి సరిగ్గా నాలుగు రెట్లు. షాటును తరువాత కొంత దగ్గరకు లాగి వాడుకోవాలంటే ఆ అదనపు చుక్కలు పనికివస్తాయన్న మాట నిజమే. అయితే మా తరగతి గదిలోని ప్రొజెక్టరు చూపించేది ఫుల్ హెచ్‌డీ మాత్రమే, మూడు నిమిషాల అభ్యాస చిత్రాన్ని చూసే బంధువులు చూసేది అరచేతిలోని తెర మీద.

విద్యార్థుల చిత్రాలను నిజంగా పాడుచేసేది వెలుతురు. మా ఊళ్లో మే నెలలో పదకొండు గంటలకు బ్యారేజీ మీద నిలబెట్టి మనిషిని తీస్తే, కళ్ల కింద, ముక్కు కింద నల్లని గుంటలు పడతాయి, ఆపైన ఫోను వేడెక్కి రికార్డింగు తనంతట తానే ఆగిపోతుంది. అదే మనిషిని ఉదయం ఏడింటికో, ఎగువ వైపు సూర్యుడు వాలే వేళకో తీస్తే, ఆ ఫోనుతోనే ముఖం మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది.

ఇక గది లోపలి వెలుతురుకు మన దేశపు లెక్క ఒకటి ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కాబట్టి మామూలు ట్యూబులైటూ, చవకరకం ఎల్ఈడీ బల్బూ సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ఈ మిణుకు కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/50 సెకను తెరిచి ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, 1/100 అయితే ఒకటి పడుతుంది, అందువల్ల ఫ్రేములన్నీ సమానంగా వెలుగుతాయి. అమెరికా కరెంటు లెక్కకు సరిపోయే 1/60లో పెడితే ఒక్కో ఫ్రేములో ఒకటిన్నర చిల్లర మిణుకులు పడి, బొమ్మ మీద నీడల పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. చాలా ఫోన్లు తమంతట తాము ఎంచుకునే సెకనుకు 30 ఫ్రేముల వేగం కూడా ఆ అమెరికా లెక్కకు సరిపోయేదే. మన టీవీ ప్రసారాలు మొదటినుంచీ 25 ఫ్రేముల పద్ధతిలో నడిచింది ఈ 50 ఆవృత్తుల లెక్కకు అనుగుణంగానే. పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక కల్యాణ మండపంలో తలంబ్రాల ఘట్టం మొత్తాన్ని 1/60లో తీసి, వధూవరుల మీదుగా పట్టీలు పారుతున్న వీడియోను ఆ ఇంటి పెద్దల చేతిలో పెట్టిన రోజు నాకింకా గుర్తుంది. కెమెరా మాత్రం ఆ రోజుల్లో మా వీధిలోకెల్లా ఖరీదైనది.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే ఎడిటింగ్ వచ్చినట్టే.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. ఏ మీట నొక్కితే షాటు తెగుతుందో యూట్యూబు చూసి ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఎక్కడ తెంపాలో, దాని పక్కన దేనిని పెట్టాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. సుమారు 100 ఏళ్ల క్రితం సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్, ఏ భావమూ ప్రకటించని ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఒక స్త్రీని కూర్చి చూపించాడట. ప్రేక్షకులు అదే ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, మోహాన్ని చూశారని చెబుతారు. ముఖం మారలేదు, పక్కనున్నది మారింది.

మేము దీనిని తరగతిలో మన సరుకుతోనే చేస్తాము. ఒక విద్యార్థిని కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చోబెట్టి, ఏమీ నటించవద్దని చెప్పి పది సెకన్లు తీస్తాము. దాని పక్కన పులిహోర పొట్లాన్ని ఒకరు, బస్టాండు నుంచి కదిలిపోతున్న బస్సును మరొకరు, ఖాళీ కుర్చీని ఇంకొకరు కూర్చుతారు. వేరే విభాగపు పిల్లలను పిలిచి చూపిస్తే, పులిహోరకు నవ్వుతారు, బస్సుకు ‘ఎవరినో సాగనంపాడు’ అంటారు, కుర్చీ వచ్చేసరికి ఎవరూ మాట్లాడరు.

ఆ తరువాతి వారం కంప్యూటరు ముట్టుకోకుండా ఇంకొక అభ్యాసం ఉంటుంది. ఊరికి దగ్గరలోనే ఉన్న కొండపల్లికి వెళ్లి, బొమ్మలు చేసేవారి అనుమతితో తీసుకున్న షాట్లను ఒక్కొక్కటి ఒక్కో చీటీ మీద రాయిస్తాను: తెల్ల పొణికి కర్ర, ఉలి పట్టిన చేయి, చింతగింజల పొడితో, రంపపు పొట్టుతో కలిపిన మక్కు, రంగు కుంచె, ఆరబెట్టిన బొమ్మలు, పనివాని ముఖం, ధర అడిగి కొనకుండా వెళ్లిపోతున్న మనిషి. ఈ ఏడు చీటీలను బల్ల మీద ఎవరికి తోచిన వరుసలో వారు పేర్చాలి. పూర్తయిన బొమ్మతో మొదలుపెట్టినవారి చిత్రం ‘ఇది ఎలా తయారైంది’ అనే ప్రశ్నతో నడుస్తుంది. కర్రతో మొదలుపెట్టినవారిది ‘ఇది ఏమవుతుంది’ అనే ప్రశ్నతో నడుస్తుంది. కొనకుండా వెళ్లిన మనిషి తరువాత పనివాని ముఖాన్ని పెడితే అది బతుకుతెరువు కథ అవుతుంది, అదే ముఖాన్ని ఉలి పట్టిన చేయి తరువాత పెడితే పనిలోని ఏకాగ్రతకు సంబంధించిన కథ అవుతుంది. ఒక విద్యార్థిని ఆ మనిషి చీటీని పూర్తిగా తీసేసి, అతడు లేకుండానే అమ్మకం సాగని దిగులు తెలుస్తోందని వాదించింది. ఆమె మాటే సరైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అపోహ: తీసేటప్పుడు దొర్లిన తప్పులను ఎడిటింగులో సరిచేసుకోవచ్చు.

రంగు కొంత సరిచేయవచ్చు, వంకరగా ఉన్న ఫ్రేమును నిలువు చేయవచ్చు. శబ్దం దగ్గర ఈ ధీమా చెల్లదు. కాళేశ్వరరావు మార్కెట్టులో ఒక కూరగాయల వ్యాపారిని ఆరడుగుల దూరం నుంచి ఫోనుతో ఇంటర్వ్యూ చేసి తెచ్చిన బృందానికి ఆటోల హారన్లు, బేరాలు, పక్క దుకాణంలోని పాట అన్నీ స్పష్టంగా దక్కాయి, ఆయన మాట ఒక్కటే దక్కలేదు. మాట్లాడేవారి నుంచి మైకు దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట బలం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం ఉన్నంతే ఉంటుంది. అందుకని అన్నిటికంటే ముందు కొనదగిన వస్తువు ఏదైనా ఉంటే అది కొద్ది వందల రూపాయల కాలర్ మైకు. అది కూడా లేకపోతే రెండో ఫోనును మాట్లాడేవారి చొక్కా జేబులో రికార్డింగులో పెట్టి, మొదట్లో ఒక చప్పట్లు కొట్టించి, తరువాత ఆ చప్పట్ల ఆధారంగా రెండింటినీ జత కలపవచ్చు. నొక్కి చెప్పిన మాటలు సైతం శబ్దం స్థాయిని చూపే మీటరు మీద -12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే, నవ్వుకో కేకకో చోటు మిగులుతుంది. ఆ మీటరుకు పై హద్దయిన సున్నాను దాటి చితికిన శబ్దాన్ని పూర్తిగా బాగుచేసే దారి లేదు.

నేటి రొద తొలగించే పరికరాలు ఫ్యాను హోరును బాగానే తీసేస్తాయి. మనిషి మాట మీద మరో మనిషి మాట పడితే మాత్రం అవి రెండింటినీ కలిపి నమిలి, నీటిలో నుంచి మాట్లాడినట్టు చేసి పెడతాయి. కాబట్టి ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపమని చెబుతాను. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులోనే పెట్టుకోవాలి. అప్పుడు దాన్ని తిరిగి వేయకుండా ఎవరూ ఇల్లు కదలలేరు. చివరగా ఎవరూ మాట్లాడకుండా అదే చోట 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. ప్రతి గది నిశ్శబ్దానికీ ఒక స్వరం ఉంటుంది, మాటల మధ్య కోతలు పెట్టినచోట ఆ స్వరాన్ని కింద పరచకపోతే అతుకు చెవికి తగులుతుంది.

శబ్దం గురించి ఇంకొక మాట. రైల్వే స్టేషను ప్రకటన ముందు వినిపించి, ఆ తరువాత ప్లాట్‌ఫారం కనిపిస్తే ప్రేక్షకుడు తనంతట తానే అక్కడికి చేరుకుంటాడు. శబ్దం, దృశ్యం ఒకే క్షణంలో మారాలన్న నియమం లేదని తెలిసిన రోజున విద్యార్థుల చిత్రాల నడకలో వచ్చే మార్పును నేను మరే పాఠంలోనూ చూడలేదు.

అపోహ: ట్రాన్సిషన్లు, ఎఫెక్టులు ఎక్కువైతే వృత్తినిపుణుల పనిలా ఉంటుంది.

ఈ అపోహకు నావంటి పెళ్లి వీడియోల వారమే కారణం. గుండె ఆకారంలో విచ్చుకునే ఫ్రేములూ, గిరగిరా తిరిగే ఫొటోలూ మా మిక్సింగుల నుంచే ఇళ్లలోకి వచ్చాయి, వాటికి విడిగా డబ్బు కూడా తీసుకున్నాము. మీకు తెలిసిన ఏ సినిమానైనా మాట వినబడకుండా ఐదు నిమిషాలు చూసి, ఒక షాటు నుంచి మరొక షాటుకు ఎలా వెళ్లారో లెక్కపెట్టండి. దాదాపు అన్నీ నేరుగా తెగిన కోతలే కనిపిస్తాయి.

అపోహ: లక్షన్నర కంప్యూటరు లేకుండా ఈ పని సాగదు.

సాగుతుంది. ఫోన్లు తమ ఫైళ్లను చిన్నవి చేయడానికి బాగా కుదించి నిల్వ చేస్తాయి. వాటిని ప్రతి క్షణం విప్పి చూపించలేక పాత కంప్యూటరు ఆగి ఆగి నడుస్తుంది. ప్రతి క్లిప్పుకు ప్రాక్సీ అనే తేలికైన నకలును తయారుచేయించి, దానితో కూర్పు ముగించి, చివరి ఎగుమతికి అసలు ఫైలును వాడుకుంటే ఇబ్బంది తీరుతుంది. షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం కూడా 4కె వరకు ఎగుమతి చేస్తుంది, కాకపోతే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఫోన్లతో ఇంకొక చిక్కు ఉంది: అవి వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటూ పోతాయి కాబట్టి, పది నిమిషాల ఇంటర్వ్యూ చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొత్తు కుదరకపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత పరికరంతో ముందుగానే స్థిరమైన వేగానికి మార్చుకుంటే చాలు.

అపోహ: ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది.

సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డయితే ఫైలు నిమిషానికి 375 మెగాబైట్లు, గంటకు 22.5 గిగాబైట్లు అవుతాయి. దాచుకోవడం ఒక సమస్య, చూడడం అంతకంటే పెద్ద సమస్య. మూడు నిమిషాల చిత్రానికి నలభై నిమిషాలకు మించి తీసిన బృందాలు మొత్తం ఒక్కసారైనా చూడకుండానే కూర్పు మొదలుపెట్టడం ఏటా చూస్తున్నాను.

అపోహ: పది సెకన్ల లోపు పాట వాడుకుంటే కాపీరైటు వర్తించదు.

కొందరు పది అంటారు, కొందరు ముప్పై అంటారు. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. ఆ చట్టంలోని 52వ సెక్షను సొంత అధ్యయనం, విమర్శ, బోధన వంటి అవసరాలకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది కాబట్టి తరగతి గదిలో అభ్యాసానికి చేసిన పని వేరు, అదే చిత్రాన్ని యూట్యూబులో పెట్టడం వేరు. అక్కడ పాటను యంత్రమే గుర్తుపట్టి హక్కుదారుకు కబురు పెడుతుంది. పైగా ఒక పాటలో సాహిత్యానికి, స్వరానికి, రికార్డింగుకు వేర్వేరు హక్కులు ఉంటాయి. త్యాగరాజ కీర్తన మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, కానీ ఒక విద్వాంసుడు పాడగా విడుదలైన రికార్డింగుకు విడుదలైన తరువాత 60 ఏళ్ల పాటు హక్కు నిలుస్తుంది. మా ఊళ్లోనే ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ చదివే స్నేహితురాలి చేత ఆ కీర్తనను పాడించి, ఆమె అనుమతితో వాడుకున్న బృందానికి ఏ చిక్కూ రాలేదు, పైగా పాట నిడివిని చిత్రానికి తగినట్టు కుదించమని అడిగే వీలు కూడా దొరికింది.

అపోహ: వీడియోలో తెలుగు అక్షరాలు సరిగా రావు, పేర్లను ఇంగ్లీషులో వేసుకోవడమే మేలు.

చివరి వారంలో, చూపించాల్సిన రోజుకు ముందు రాత్రి, ఈ మాట తప్పకుండా వస్తుంది. ఒత్తులు, గుణింతాలు కలిసి ఒక అక్షరమయ్యే లిపిని కొన్ని ఎడిటింగు సాఫ్ట్‌వేర్లు మొదటి అమరికలో సరిగా అర్థం చేసుకోవు. ప్రీమియర్ ప్రోలో అయితే గ్రాఫిక్స్ ప్రాధాన్యాల్లోకి వెళ్లి దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజినును ఎంచుకోవాలి. మన డీటీపీ కేంద్రాలలో ఇప్పటికీ నడుస్తున్న పాత అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం నేరుగా అతికిస్తే పిచ్చి గీతలుగా మారుతుంది కాబట్టి, యూనికోడులో రాసి మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని పెట్టుకోవాలి. అప్పటికీ కుదరకపోతే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరులో పేర్ల పట్టికను తయారుచేసి, వెనుక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి టైమ్‌లైన్ మీద పరచవచ్చు. ఎగుమతి అయిన ఫైలును వేరొక కంప్యూటరులో ఒకసారి మొదటినుంచి చివరిదాకా చూడాలి. నేను మొట్టమొదట చూసేది ఎడిటరు పేరుకు ముందున్న మాటను. అమరిక తప్పితే అక్కడ పకారం ఒత్తుగా కిందికి దిగదు, ‘కూర్‌పు’ అని పొల్లుతో విడిపోయి నిలబడుతుంది.